అమరావతి గుడిని చదివిన రోజు



కార్తీక మాసంలో మన తొమ్మిదో తరగతి వాళ్ళను అమరావతి తీసుకువెళ్ళిన సంగతి మీకు తెలుసు. బస్సులో వెనక సీట్లవాళ్ళు పాటలు పాడుతుంటే సోషల్ సారు లేచి ఒక మాట అన్నారు. "గుడిని అందరూ చూస్తారు. మీరు చదివి రండిరా" అని. గుడిని చదవటమేమిటి అని మేమంతా నవ్వుకున్నాం. అదెలాగో అక్కడికి వెళ్ళాకే తెలిసింది. రాలేకపోయిన వాళ్ళకు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

గుడి కట్టడం

అమరేశ్వరాలయం కృష్ణానది కుడి ఒడ్డున చిన్న దిబ్బ మీద ఉంది. ఆ దిబ్బను క్రౌంచ శైలం అంటారు. గుడికి గోపురాలు, చుట్టూ ప్రాకారాలు ఉన్నాయి. గోపురం అంటే వాకిలి మీద కట్టిన ఎత్తయిన కట్టడం. ప్రాకారం అంటే చుట్టుగోడ. దేవుడు ఉండే గది గర్భగుడి, దాని మీద లేచే శిఖరం విమానం. పక్కనున్న బొమ్మ నేను గీసిందే. గోపురం కొంచెం వంకర వచ్చింది, క్షమించాలి.

ఇక్కడి లింగం తెల్లగా పాలరాయిలా ఉంటుంది. ఎత్తు సుమారు 15 అడుగులు. కింద నిలబడితే ఎవరికీ శిరస్సు అందదు. అందుకని అర్చకులు మెట్లెక్కి పైనుంచి అభిషేకం చేస్తారు. మామూలుగా గుడి కట్టి దేవుణ్ణి పెడతారు కదా, ఇక్కడ దేవుడి ఎత్తును బట్టి గర్భగుడి కట్టారు. ద్రాక్షారామంలోనూ, సామర్లకోట కుమారారామంలోనూ ఇలాగే పై అంతస్తు ఉందట. ఆ రెండూ, పాలకొల్లు క్షీరారామం, భీమవరం సోమారామం, మన అమరారామం కలిపి పంచారామాలు. తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందని పురాణ కథ.

స్తంభం మీద మాట

గుడిలో రాతి స్తంభాల మీద అక్షరాలు ఉన్నాయి. వీటినే శాసనాలు అంటారు. లిపి పాత తెలుగు. మేము ఎంత ప్రయత్నించినా రెండు మూడు అక్షరాల కన్నా పోల్చుకోలేకపోయాం. సారే చెప్పారు.

ఒక స్తంభం మీది శాసనం శక సంవత్సరం 1104 నాటిది. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్కకు వస్తుంది. అంటే 1182. దాన్ని వేయించింది ధరణికోటను ఏలిన కోట వంశపు రాజు కేతరాజు. అందులో ఏముందో వింటే మీరూ ఆశ్చర్యపోతారు. ఈ ఊళ్ళో అమరేశ్వరుడు ఉన్నాడు, బుద్ధుడూ ఉన్నాడు, రకరకాల శిల్పాలున్న చాలా ఎత్తయిన చైత్యం ఉంది అని రాసి ఉంది. ఆ బుద్ధుడికి కేతరాజు ఊళ్ళు దానమిచ్చాడు, అఖండ దీపాలు పెట్టించాడు. శివుడి గుడి స్తంభం మీద బుద్ధుడి దీపాల లెక్క!

ఇంకొక శాసనం శక 1437 నాటిది. 78 కలిపి చూడండి, 1515 వస్తుంది. ఆ ఏడాది శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు కోటను గెలిచి ఈ గుడికి వచ్చి తులాపురుష దానం చేశాడు. అంటే తన బరువుకు సరితూగే బంగారం దానం చేయటం.

దీపాలదిన్నె

కేతరాజు చెప్పిన ఆ ఎత్తయిన చైత్యం ఏమైంది? గుడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. ఇప్పుడు మిగిలింది గుండ్రని అడుగు భాగమే. అడ్డకొలత సుమారు 50 మీటర్లు. క్రీస్తు పుట్టకముందే మొదలైన కట్టడం అది. పలనాటి సున్నపురాయి పలకలు చెక్కి చుట్టూ అమర్చారు.

తరవాత అది పాడుబడి మట్టిదిబ్బ అయింది. అందులో ఏముందో జనం మరిచిపోయారు. కానీ ఆ దిబ్బను మాత్రం దీపాలదిన్నె అని పిలుస్తూనే వచ్చారు. దీపాలు ఆరిపోయినా పేరు ఆరలేదన్నమాట.

1796 ప్రాంతంలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడికి మకాం మార్చి ఊరు కట్టించాడు, గుడిని బాగు చేయించాడు. ఇళ్ళకు రాళ్ళు కావాలని పనివాళ్ళు ఆ దిన్నెను తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. 1798లో కాలిన్ మెకంజీ అనే కంపెనీ ఉద్యోగి వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. ఉన్నవాటికి బొమ్మలు గీయించి పెట్టాడు. పలకల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

శాసనం లేని ఊరు

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. గుడి బయట శనగలు అమ్మే తాత ఒకాయన "మీదే ఊరు అబ్బాయీ?" అని అడిగాడు. "నల్లమల, తాతా. మేం చెంచులం" అన్నాను. ఆయన పొట్లం కట్టటం ఆపి "ఇక్కడికి దగ్గర్లో నరుకుళ్ళపాడు అని ఊరుంది, విన్నావా?" అన్నాడు.

ఆయన చెప్పిన కథ ఇది. వెంకటాద్రి నాయుడి కాలంలో చెంచులు దోపిడీలు చేస్తున్నారని, వాళ్ళను విందుకని పిలిచి నరికించారట. ఎంతమందో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఆ తరవాత నాయుడికి అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనిపించేవట. ఆ పాపం పోగొట్టుకోవటానికే అమరేశ్వరుడి దగ్గరికి వచ్చాడని చెప్పుకుంటారు.

నాకు శనగలు గొంతు దిగలేదు. శ్రీశైలం మల్లన్నను మావాళ్ళు చెంచు మల్లయ్య అంటారు, మా ఇంటి అల్లుడంటారు. అదే శివుడి ఇంకో గుడి దగ్గర ఇలాంటి కథ వింటానని అనుకోలేదు.

సారు దగ్గరికి పోయి "ఇది శాసనంలో ఉందా సార్?" అని అడిగాను. సారు కాసేపు ఆలోచించి "లేదురా. జనం నోట నిలిచిన కథను ఐతిహ్యం అంటారు. దాన్ని శాసనంలా నమ్మకూడదు. అలాగని పారేయనూ కూడదు" అన్నారు.

బస్సులో అదే ఆలోచించాను. రాయి చెక్కించాలంటే రాజై ఉండాలి, డబ్బుండాలి. కేతరాజుకు స్తంభం ఉంది, రాయలకు స్తంభం ఉంది. విందుకు పోయి తిరిగిరాని వాళ్ళకు ఒక్క ఊరి పేరు ఉంది. కానీ దీపాలదిన్నె సంగతి చూశాం కదా! దిబ్బలో ఏముందో అందరూ మరిచినా పేరు మరవలేదు. తవ్వి చూస్తే పేరులో ఉన్నది నిజమే అయింది. అందుకని ఊరి పేర్లను తేలిగ్గా తీసుకోవద్దని నాకు అనిపించింది.

మిత్రులారా, మనలో గూడెం వాళ్ళున్నారు, తండా వాళ్ళున్నారు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో, పక్కనున్న గుట్టకు, వాగుకు ఆ పేర్లు ఎవరు పెట్టారో ముసలివాళ్ళను అడిగి రాసుకొని రండి. వార్డెన్ గారు అనుమతిస్తే వచ్చే సంచికలో అన్నీ ఇదే గోడ మీద రాద్దాం. మనకు రాతి స్తంభం లేకపోతే ఏం, చార్టు కాగితం ఉంది.

జవాబులు చెప్పండి
1. శక సంవత్సరం 1104 అంటే ఏ సంవత్సరం?
2. అమరేశ్వరుడికి అర్చకులు పైనుంచి ఎందుకు అభిషేకం చేస్తారు?
3. శాసనానికి, ఐతిహ్యానికి తేడా ఏమిటి?
4. మీ ఊరి పేరుకు అర్థం ఏమిటి? (దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది.)

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి