మెట్టు అంచున మడమ

మడమ నొప్పి ఉన్నవాళ్లు నాకు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు పళ్ల బిగువున నడిచేవాళ్లు. డాక్టరు ఆగమన్నా, ఇంట్లోవాళ్లు బతిమాలినా, ఫోనులో 10,000 అడుగులు నిండితే తప్ప గుమ్మం ఎక్కరు. రెండోవాళ్లు నొప్పి మొదలైన వారానికే బూట్లు అటకెక్కించి, ఇక మన వల్ల కాదని కుర్చీకి అతుక్కుపోతారు. బరువు పెరుగుతారు. ఆ బరువంతా మళ్లీ ఆ మడమే మోయాలి. మొదటివాళ్లది పట్టుదల అని మెచ్చుకుంటాం, రెండోవాళ్లది బద్ధకం అని తిడతాం. నేనైతే ఇద్దరినీ కలిపే కోప్పడతాను. ఎంత చేయాలో కొలుచుకుని, ఆ కొలతకు కట్టుబడే ఓపిక ఇద్దరికీ లేదు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు పట్టు వదలొద్దని పేజీలకు పేజీలు చెబుతాయి. ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే పేజీ కోసం వెతుక్కోవాలి. పాదం నొప్పి ఉన్నవాళ్లకు కావలసింది ఆ పేజీయే.

నేను టీచర్ని. బడిలో సిమెంటు గచ్చు మీద నిలబడి పాఠం చెప్పడం, ఇంటికొచ్చి గ్రానైటు పరిచిన వంటగదిలో చెప్పుల్లేకుండా నిలబడి వండటం. నా రోజు చాలావరకు ఈ రెండు నేలల మీదే గడుస్తుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద, లోపలి వైపు, ప్రాణం పోయేంత నొప్పి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. స్టాఫ్ రూములో కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. ఈ వరస తెలిసినవాళ్లు మన ఇళ్లలో, బస్సు డిపోల్లో, బట్టల షాపుల్లో లెక్కలేనంత మంది. ఎక్కువమందిలో దీని పేరు ప్లాంటార్ ఫేషియైటిస్.

మడమ ఎముక కింది నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి పొడుగునా ఒక మందపాటి పట్టీ ఉంటుంది. పాదం ఒంపు కుంగకుండా ఆపేది అదే. అడుగు వేసి మడమ లేపినప్పుడు బొటనవేలు పైకి వంగుతుంది, బావి గిలక మీద చేదతాడు చుట్టుకున్నట్టు ఈ పట్టీ బిగుసుకుంటుంది, పాదం గట్టిపడి మనల్ని ముందుకు తోస్తుంది. హిక్స్ అనే పరిశోధకుడు దీన్ని 1954లోనే వివరించాడు. ఏళ్ల తరబడి గట్టి నేల, పెరిగిన ఒళ్లు, బిగిసిపోయిన పిక్కలు కలిసి ఆ పట్టీని మడమ దగ్గర దెబ్బతీస్తాయి. 2003లో అమెరికాలో లెమాంట్ అనే డాక్టరు, ఆపరేషన్లలో తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసిన నివేదికలు పరిశీలిస్తే, వాటిలో వాపు లక్షణాల కంటే అరిగి చెదిరిన నారే కనిపించిందట. నా ఆలోచన మొత్తాన్ని తిప్పేసిన సంగతి ఇది. అరిగిన నార మంచం మీద పడుకుంటే బలపడదు. అలాగని ఒకేసారి దాని మీద ఐదు కిలోమీటర్లు రుద్దితే ఊరుకోదు. దానికి బరువు మోయడం మళ్లీ కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

ఎక్స్‌రే తీసి, ఎముక ముల్లులా పెరిగిందని చూపిస్తే చాలామందికి గుండె జారిపోతుంది. ఆ ముల్లు నొప్పి లేనివాళ్లలోనూ బోలెడంతమందికి ఉంటుంది. దాన్ని చూసి జీవితాంతం నడకకు దండం పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. చాలామందికి ఏడాదిలోపే, ఆపరేషన్ మాటే లేకుండా, ఈ నొప్పి దారికొస్తుంది.

నన్ను నొప్పి కంటే ఎక్కువ కుంగదీసింది అసూయ. మా ఆయన పొద్దున్నే బూట్ల లేసులు కట్టుకుంటుంటే ఆ చప్పుడు వినలేక దుప్పటి ముసుగేసుకునేదాన్ని. క్లాసులో కుర్చీ వేయించుకున్న రోజున పిల్లలు నన్ను ముసలిదాన్ని అనుకుంటారేమోనని లోపల ఏడ్చాను. నొప్పి తగ్గిన రోజున సంతోషం కలిగేది కాదు, రేపు తిరగబెడుతుందేమోనన్న భయమే ఉండేది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పాదం నొప్పిని జనం చిన్న నొప్పిగా చూస్తారు. చూసేవాళ్లకు కట్టు కనిపించదు, రక్తం కనిపించదు. మీరు మాత్రం రోజుకు కొన్ని వేలసార్లు దాని మీద అడుగేస్తున్నారు. మీకు విసుగు రావడం సహజం. కన్నీళ్లు వస్తే రానివ్వండి. ఆ తర్వాత లేచి మెట్టు దగ్గరకు నడవండి.

అవును, మెట్టు. నేను ప్రాణంగా నమ్మే అలవాటు అదొక్కటే. ఇంట్లో ఏ మెట్టయినా సరే, పట్టుకోవడానికి గోడో రెయిలింగో ఉండాలి. ఒక తువ్వాలును చుట్టగా చుట్టి మెట్టు అంచు దగ్గర పెట్టండి. వేళ్లు ఆ చుట్ట మీదికి ఎక్కి పైకి వంగి ఉండాలి, మడమ మెట్టు బయట గాల్లో ఉండాలి. వేళ్లు అలా వంగి ఉంటేనే అరికాలి పట్టీ బిగుస్తుంది, బరువు సరిగ్గా దాని మీద పడుతుంది. ఇప్పుడు మూడు లెక్కపెడుతూ మెల్లగా మడమలు పైకి లేపండి. పైన రెండు లెక్కపెట్టే దాకా ఆగండి. మళ్లీ మూడు లెక్కపెడుతూ కిందికి దించండి. మొదట్లో రెండు కాళ్ల మీదా చేయండి. అది తేలికయ్యాక నొప్పి ఉన్న ఒక్క కాలి మీదే. పన్నెండు సార్లు, కాస్త ఆగి మళ్లీ పన్నెండు, ఇంకోసారి పన్నెండు. రోజు విడిచి రోజు మాత్రమే. పన్నెండూ సునాయాసంగా వస్తున్నాయంటే భుజానికి పుస్తకాల సంచీ తగిలించుకోండి. వారాలు గడిచేకొద్దీ సంచీలో పుస్తకాలు పెరగాలి, ఎన్నిసార్లన్నది తగ్గాలి. డెన్మార్క్‌లో రాత్లెఫ్ అనే ఫిజియోథెరపిస్టు బృందం ఇదే పద్ధతిని పరీక్షించింది. వట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే ఇలా బరువు మోయించినవాళ్లు మూడు నెలలకు ముందున్నారు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ దాదాపు సమానమయ్యారు. ఆ మూడు నెలల ముందంజ చాలు నాకు. మడమ నొప్పితో మూడు నెలలంటే ఎంత పొడుగో పడ్డవాళ్లకే తెలుసు.

మెట్టు మీద మూడు లెక్కపెట్టేటప్పుడు నా స్వభావం మొత్తం బయటపడేది. కుక్కర్ కూతపెడితే చాలు, మూడు కాస్తా ఒకటిన్నర అయిపోయేది. దించేటప్పుడు మరీ తొందర, మడమ దబ్బున పడేది. పైకి ఎలాగైనా లేస్తాం, మెల్లగా దించడంలోనే ఉంది కష్టమంతా, లాభం కూడా అందులోనే. లెక్క తప్పితే ఆ ఒక్కటి మళ్లీ చేయాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. కొంతకాలానికి ఆ లెక్క బడికి కూడా వచ్చింది. పిల్లవాడు జవాబు కోసం తడుముకుంటుంటే నోట్లోంచి జవాబు లాక్కునే అలవాటు నాది. ఇప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ ఆగుతున్నాను. చాలాసార్లు ఆ మూడో అంకె దగ్గర వాడే చెప్పేస్తాడు. మెట్టు మీద ఓపిక అలవాటైనవాళ్లు మిగతా చోట్ల ఓపిక పట్టలేరంటే నేను నమ్మను.

ఎంత చేయాలో ఎలా తెలుస్తుంది? మర్నాడు పొద్దున వేసే మొదటి అడుగునే అడగండి. మా ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో, తిథి పక్కన, ఆ అడుగు నొప్పికి సున్నా నుంచి పది లోపు ఒక అంకె రాస్తాను. మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు నొప్పితో వచ్చినవాళ్ల కోసం స్వీడన్ ఫిజియోథెరపిస్టులు వాడిన పద్ధతికి దగ్గరిది ఇది: వ్యాయామంలో నొప్పి ఐదు దాటకూడదు, మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగిందా, చేసింది సరిపోయింది. దిగలేదా, పావు వంతు తగ్గించండి, మానేయకండి. నడకకూ ఇదే లెక్క. పది నిమిషాలు నడిచిన మర్నాడు అంకె పెరగకపోతే ఆ వారమంతా పది నిమిషాలే. ఇంకా నడవగలననిపించినా అంతే. సరదాకొచ్చినప్పుడు అరగంట నడిచి, తర్వాత రెండు రోజులు మంచం ఎక్కే పద్ధతి ఇక చాలించండి!

ఆ 10,000 అడుగుల పిచ్చి కూడా వదలండి. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి దానికి 10,000 అడుగుల మీటర్ అని పేరు పెట్టారు, ఆ అంకె అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మీ మడమను చూసి ఎవరూ ఆ అంకె రాయలేదు.

మిగతావి గబగబా చెబుతాను. మంచం దిగేముందు కాలు మీద కాలు వేసుకుని, వేళ్లను చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టండి, అలా పదిసార్లు. ఇంట్లో వట్టికాళ్లతో తిరగొద్దు, మందుల షాపుల్లో దొరికే ఎంసీఆర్ చెప్పులు ఒక జత వంటింటికే కేటాయించండి. అడుగు అరిగిన హవాయి చెప్పులు బయట పారేయండి. గుండెకు వ్యాయామం కావాలంటే సైకిలు, ఈత ఉన్నాయి. సాయంత్రం చల్లటి నీళ్ల సీసా అరికాలి కింద దొర్లిస్తే హాయిగా ఉంటుంది. మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, అరుదుగా ఆ పట్టీయే తెగే ప్రమాదమూ ఉంది. ఈ రెండింటి గురించీ డాక్టరును అడిగాకే ఒప్పుకోండి. బరువు తగ్గించడం గురించి మీకు ఇప్పటికే అందరూ చెప్పి ఉంటారు, నేను మళ్లీ చెప్పను.

షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతాను. పాదంలో తిమ్మిరి, మంట, స్పర్శ తగ్గడం ఉంటే ఐసూ వద్దు, వేడి నీళ్లూ వద్దు, ముందు డాక్టరుకు పాదాలు చూపించండి. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే ఓర్వలేని నొప్పి వస్తే ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరం, కొట్టొచ్చినట్టు కనిపించే వాపు, నడుస్తుండగా టప్‌మన్న చప్పుడు ఉంటే మెట్టు దగ్గరకు వెళ్లకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. నలభై లోపు వయసులో రెండు మడమలూ నొప్పి, పొద్దున నడుము చాలాసేపు పట్టేయడం కలిసి ఉంటే కీళ్లవాతం డాక్టరును కలవండి.

ఇక మొక్కుల సంగతి. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పుల్లేకుండా తారు రోడ్ల మీద తిరిగేవాళ్లు, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్లు నడిచేవాళ్లు, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ భక్తికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఏడాదంతా సోఫాలో కూర్చుని ఆ ఒక్కరోజు పాదాన్ని హింసించడాన్ని మాత్రం భక్తి అనలేను. మూడు నాలుగు నెలల ముందు నుంచే మెట్టు మీద కాలిని తయారుచేసుకోండి. అంకె ఆరు, ఏడు దగ్గర ఉన్న వారంలో బయలుదేరకండి.

నాకు అరుణాచలం గిరి ప్రదక్షిణ చేయాలని ఉంది. పద్నాలుగు కిలోమీటర్లు. పౌర్ణమి రద్దీలోనే చేయాలన్న నియమమేమీ లేదు, ఏ రోజైనా చేయొచ్చు. అందుకే తేదీ పెట్టుకోలేదు, అంకె పెట్టుకున్నాను. పొద్దుటి మొదటి అడుగు వరసగా నెల రోజులు రెండు దాటకపోతే టికెట్ తీయమని మా ఆయనకు చెప్పాను. మధ్యలో నొప్పి ఐదుకు చేరితే అక్కడే ఆటో ఎక్కి వెనక్కి వచ్చేస్తాను. మిగిలిన కిలోమీటర్లు ఇంకోసారి.