వంటచెరకు కూడా పంటే



రోహిణి కార్తె ఎండలు ముగింపునకు వచ్చినవి. జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశించును. దుక్కులు, విత్తనాలు, ఎరువుల ఏర్పాట్లలో మీకు తీరిక ఉండదు. ఈ పనుల నడుమ ప్రతి యేటా మరుగున పడిపోవు పని యొకటి కలదు. అదే పొయ్యి కట్టెల పని.

ఒక వానాకాలములో చెరకు తోట చూచుటకై బోధన్ దగ్గరి గ్రామమునకు వెళ్ళినాను. రైతు ఇంటి అరుగుపై కూర్చుండి ఎరువుల మోతాదు చెప్పుచుండగా, లోపల పచ్చి కట్టెను ఊదలేక ఆ ఇంటి ఇల్లాలు కండ్లు తుడుచుకొనుచు బయటికి వచ్చినది. "చెరుకుకు ఏమెయ్యాల్నో దినాం చెప్తరు గద సారూ! మా పొయ్యిల ఏం పెట్టాల్నో ఎవ్వరు చెప్పరేంది?" అని అడిగినది. ఆ ఇంట గ్యాసు సిలిండరు లేక కాదు. నీళ్ళ కాగుకు, ఎడ్లకు ఉలవలు ఉడికించుటకు, నాట్ల నాడు కూలీల వంటకు కట్టెల పొయ్యి తప్పుటలేదు. ఆనాడు నావద్ద తగిన జవాబు లేదు. ఈ వ్యాసము ఆ జవాబే.

చెరకు, వంటచెరకు అని మన భాష రెండింటికి ఒకే పేరు పెట్టినది. మొదటిదానిని పంటగా పెంచుచున్నాము. రెండవదానిని దొరికినచోట కొట్టుకొనుచున్నాము. రెండవదానిని కూడా పొలములో ఒక పంటగా చూడవలెనని నా మనవి.

చెరకు నేర్పిన పాఠము

1931లో నిజాంసాగర్ పూర్తియై మంజీర నీరు కాలువలకెక్కినది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినను, అది చూపిన పద్ధతి నొకదానిని మనము మరువరాదు. నూరు టన్నుల చెరకు గానుగాడిన సుమారు 30 టన్నుల పిప్పి వచ్చును. చక్కెర మిల్లులు ఆ పిప్పినే బాయిలర్లలో మండించి రసమును కాచును. బెల్లము వండు రైతు కూడా పిప్పిని ఆరబెట్టి పెనము క్రిందనే వేయును. అనగా చెరకు తన పొయ్యికి కావలసినది తానే తెచ్చుకొనును. మన ఇంటి పొయ్యి కూడా మన పొలము నుండియే నడవవలెను. సిర్నాపల్లి, ఇందల్వాయి అడవుల మీదను, నిజామాబాదు కట్టెల అడితుల మీదను ఆధారపడరాదు.

ఇంటి లెక్క

ముందుగా మీ ఇంటి ఖర్చు తెలిసికొనుడు. ఒక వారము రోజులు పొయ్యిలో పెట్టు కట్టెను తూచి చూడుడు. రోజుకు 5 కిలోలు పట్టునని తేలినచో, వానాకాలపు నాలుగు నెలలకు 600 కిలోలు, సంవత్సరమునకు సుమారు 1,800 కిలోలు కావలెను. పసుపు పండించు రైతు దుంప ఉడకబెట్టుటకు కావలసిన కట్టెను దీనికి అదనముగా వేసికొనవలెను. మాఘ, ఫాల్గుణ మాసములలో పసుపు త్రవ్విన పిమ్మట కట్టె కొట్టినచో అది పచ్చిగానే ఉండును. కావున వచ్చే పసుపునకు కావలసిన కట్టెను ఈ వేసవిలో ఎండినదానిలో నుండియే తీసి వేరుగా పెట్టుకొనవలెను. ఆవిరి బాయిలరును వాడువారికి కట్టె కొంత ఆదా యగును. అయినను ఎండు కట్టె అవసరము తీరదు.

ఎండు కట్టె ఎందుకు?

అప్పుడే కొట్టిన కట్టె బరువులో, జాతిని బట్టి, సుమారు సగము నీరే. పొయ్యిలో మొదట ఆ నీరు ఆవిరి కావలెను. ఆ తరువాతనే కుండకు వేడి తగులును. పది కిలోల పచ్చి కట్టె బాగుగా ఎండినచో ఆరు కిలోలకు పైచిలుకుగా మిగులును. కాని ఆ ఆరు కిలోలు ఇచ్చు వేడి ఆ పది కిలోల పచ్చి కట్టె ఇచ్చు వేడి కన్న ఎక్కువ. పచ్చి కట్టె పొగ వలన కండ్లు మండుట, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులు, పసిపిల్లలకు న్యుమోనియా కలుగును. ఆ పొగ ముందు కూర్చుండునది మన ఇంటి ఆడవారు, వారి ఒడిలోని బిడ్డలు. ఇది చిన్న విషయము కాదు.

కట్టె ఎండినది లేనిది ఇట్లు గుర్తింపవచ్చును. కొనలు పగులు బారి ఉండును. బెరడు ఊడివచ్చును. రెండు కట్టెలను తాకించిన ఖణేలుమని మ్రోగును.

ఇప్పుడు చేయవలసిన పనులు

1. మృగశిరకు ముందే కట్టెను కప్పు క్రిందికి చేర్చుడు. నేలపై రాళ్ళు పరచి, అడుగు ఎత్తున వాసాలు వేసి, వాటిపై పేర్చవలెను. అప్పుడు చెదపురుగు పట్టదు. ప్రక్కలనుండి గాలి ఆడవలెను. పైభాగమును మాత్రమే కప్పవలెను. పేర్పును ఇంటి గోడకు ఆనించరాదు. కట్టెల నడుమ పాములు, తేళ్ళు చేరును గనుక చీకటిలో చేయి పెట్టరాదు.

2. కందికట్టె త్వరగా ఎండి బాగుగా మండును. దానిని పొలములో తగులబెట్టక కట్టలు కట్టి తెచ్చుకొనుడు. మొక్కజొన్న బెండ్లను కూడా దాచుకొనుడు.

3. పత్తి కట్టె విషయములో జాగ్రత్త అవసరము. విచ్చని కాయలలో గులాబీ రంగు పురుగు దాగి ఉండి, వానలు పడగానే రెక్కల పురుగై క్రొత్త పంటపై గ్రుడ్లు పెట్టును. కావున ఆ కాయలను ఏరి కాల్చివేసి, కట్టెను వానలకు ముందే వాడివేయవలెను. పొలము ఒడ్డున కుప్ప వేయరాదు.

4. చెరకు ఆకును కాల్చరాదు. దానిని మోడెం తోటలో సాళ్ళ నడుమ పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును.

5. పేడను పిడకలుగా కాల్చుట మానుడు. ఒక జత ఎడ్లు రోజుకు సుమారు 20 కిలోల పేడ వేయును. నాలుగు టన్నుల పశువుల ఎరువులోని నత్రజని ఒక యూరియా బస్తాలోని నత్రజనితో సమానము. నేలను గుల్లపరచు సేంద్రియ పదార్థము దానికి అదనము. పిడకను కాల్చిన నత్రజని పొగలో పోవును, బూడిద మాత్రము మిగులును.

ఒడ్డు మీద వంటచెరకు

వానలు నిలకడగా పడిన వెంటనే ఒడ్లపై చెట్లు నాటుడు. చతురస్రముగా ఉన్న ఎకరము మడికి ఒక్కొక్క ఒడ్డు సుమారు 64 మీటర్లుండును. మీటరుకొక మొక్క చొప్పున ఒక ఒడ్డున 64 మొక్కలు పట్టును. ఏడాదికొక ఒడ్డు చొప్పున నాలుగేండ్లలో నాలుగు ఒడ్లు నాటుడు. నాలుగవ యేటి చలికాలమునకు మొదటి ఒడ్డు కోతకు వచ్చును. ఆ పిమ్మట ఏటా ఒక ఒడ్డు కొట్టుచుండగా, నాలుగవది ముగియుసరికి మొదటిది తిరిగి పెరిగి యుండును.

ఒడ్లకు గిరిపుష్పము (గ్లైరిసీడియా) మంచిది. ముదురు కొమ్మలనుండి బొటనవ్రేలి లావున మీటరు పొడవు ముక్కలు తీసి, అడుగు లోతున పాతిన చిగురించును. ఆకు వరి మడికి పచ్చిరొట్ట, కొమ్మ పొయ్యికి కట్టె. సుబాబుల్ విత్తనమును పొయ్యి మీదినుండి దించి కొంచెము చల్లారిన వేడినీటిలో మూడు నాలుగు నిముషములుంచి, తరువాత ఒక రాత్రి చన్నీటిలో నానబెట్టి నాటవలెను. కాయలు ముదిరి రాలనిచ్చిన అదియే కలుపు మొక్క యగును. కానుగ కొట్టిన మొద్దు నుండి తిరిగి చిగురించును. నల్లరేగడిలో నల్ల తుమ్మ చక్కని కట్టె నిచ్చును. సరుగుడు కోస్తా ఇసుక నేలల చెట్టు, కొట్టిన మొద్దు చిగురించదు. నీలగిరిని పంట ప్రక్క నాటరాదు, తేమకై పంటతో పోటీపడును. సర్కారు తుమ్మను క్రొత్తగా నాటక, ఉన్నదానినే కొట్టి వాడుకొనుడు.

ఉమ్మడి ఒడ్డున నాటుటకు ముందు ప్రక్క రైతుతో మాట్లాడుకొనుడు. పసుపు కొద్దిపాటి నీడను ఓర్చును. చెరకు, వరి ఓర్చవు. కావున వాటి ప్రక్క ఒడ్లపై కొమ్మలను పంట వేయు ముందే దించవలెను.

రాబోవు కోత కాలము

పుష్య, మాఘ మాసములు కట్టె కొట్టుటకు తగిన కాలము. అప్పుడు చెట్టు పెరుగుదల మందగించి యుండును. ముందు వేసవి యున్నది గనుక కట్టె ఎండుటకు మూడు నాలుగు నెలల వ్యవధి చిక్కును. పదునైన గొడ్డలితో నేలకు జానెడు ఎత్తున, వాన నీరు జారిపోవునట్లు వాలుగా నరకవలెను. బెరడు చీలరాదు. వచ్చిన చిగుళ్ళలో బలమైన రెండు మూడింటిని ఉంచి తక్కినవి తీసివేయవలెను. చెట్టును వేళ్ళతో పెకలించువాడు ఒక్క కోతనే పొందును. మొద్దును కాపాడువానికి అనేక కోతలు లభించును.

పొయ్యి సంగతి

మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె ఇచ్చు వేడిలో పదవ వంతు మాత్రమే కుండకు చేరును. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయము వారి పొగరాని పొయ్యిని గురించి డాక్టరు ఎస్.పి.రాజుగారు 1953లోనే పుస్తకము ప్రచురించినారు. మట్టితో కట్టి, పొగ గొట్టము ద్వారా పొగను ఇంటి వెలుపలికి పంపు పద్ధతి అది. గొట్టమును నెలకొకసారి శుభ్రపరచినగాని పొగ సరిగా పోదు. బూడిదను పొలములో చల్లుడు, అందు పొటాషు కలదు. కాని పేడకుప్పలోను, యూరియాతోను కలుపరాదు. కలిపిన నత్రజని గాలిలో కలిసిపోవును.

గ్రామాధికారులకు మనవి

2002 నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము పట్టా భూమిలోని చెట్టు కొట్టుటకు కూడా అనుమతి కావలసి యుండును. మినహాయింపు గల జాతులేవో అటవీశాఖ కార్యాలయమున అడిగి, ఆ పట్టీని పంచాయతీ గోడపై వ్రాయించుడు. నాటుటకు ముందే ఈ సంగతి తెలిసినచో రైతు నిర్భయముగా నాటును. 2018 పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీలకు నర్సరీ బాధ్యతను అప్పగించినది. అందు నీడ మొక్కలతో పాటు గిరిపుష్పము, కానుగ కూడా పెంచి రైతుల కందజేయుడు.

రైతు సోదరులారా! పొయ్యిలో ఏమి పెట్టవలెనని ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నకు జవాబు మీ పొలము ఒడ్డుననే యున్నది. ఈ మృగశిరకు ఒక్క ఒడ్డు నాటుడు. నాలుగవ యేటి మాఘములో మీరు కొట్టు కట్టె మీ ఒడ్డు మీద పండినదే యగును, ఆ తరువాతి వానాకాలములో మీ వంటింట పొగ తగ్గును.