నీటిదారిన దక్షిణమునకు

చలికాలము సమీపించినంతనే ఉత్తర దేశములనుండి వేలకొలది బాతులు మన కొల్లేటికి వచ్చి, ఎండలు ముదరగనే మరలిపోవుచుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మనుష్యులును కొందరు ఈ విధముగనే చేయుదురు. ఉత్తరమున మంచు కురియకముందే వెచ్చని ఫ్లారిడాకు తరలిపోవు వీరిని అచ్చటివారు నవ్వుచు ‘మంచుపక్షులు’ అని పిలుతురు. వీరిలో పెక్కుమంది కార్లలో పోవుదురు. కొందరు మాత్రము తమ యింటినే వెంట గొనిపోవుదురు. వారి యిల్లు తెరచాప పడవ.

అట్టి కుటుంబము నొకదానిని మనస్సున ఊహించుకొని, దాని వెంట పోవుదము. తల్లి, తండ్రి, పండ్రెండేండ్ల కుమార్తె, ఎనిమిదేండ్ల కుమారుడు. పడవ పొడవు 38 అడుగులు. అందులోనే వంట, పడక, చదువు, కొట్లాట, సమాధానము. తొట్టిలోని మంచినీరు తరిగినచో మరల నింపుకొనుటకు రేవు చేరవలెను. కావున కంచములు ముందు ఉప్పునీట కడిగి, పిదప చెంబెడు మంచినీట తొలుతురు. పిల్లలకు ఒక నియమము కలదు: పడవ కదలుచున్నంతసేపు, తేలు చొక్కా తొడుగుకొనక పైకి రాకూడదు. ఎవరు ఎంత మారాము చేసినను ఈ నియమము సడలదు. ఉదయము మూడు గంటలు పాఠములు. బడి లేని చోట చదువెట్లు అని సందేహింప నక్కరలేదు. ఆ దేశమున ఇంటియొద్ద చదువు చెప్పుకొనుట చట్టసమ్మతము. 1906లోనే బాల్టిమోరు నగరమందలి కాల్వర్టు పాఠశాల తపాలా మూలమున దూరపు పిల్లలకు పాఠములు పంపుట ప్రారంభించినది.

ప్రయాణమునకు తగిన సమయము స్వల్పము. అట్లాంటిక్ సముద్రమున తుపానుల కాలము జూన్ 1 మొదలు నవంబరు 30 వరకు. మరీ ముందుగా బయలుదేరినచో తుపానునకు ఎదురుపోయినట్లగును. ఆలస్యము చేసినచో ఉత్తరమున పడవపైని త్రాళ్లు మంచుతో బిగిసిపోవును. అందుచే అక్టోబరు చివరి దినములలో వర్జీనియా రాష్ట్రమందలి నార్‌ఫోక్ రేవున పడవలు గుంపులు గుంపులుగా చేరును. మన కుటుంబము కూడ అచ్చటికి చేరినది.

అక్కడినుండి దారులు రెండు. బయటి దారి సముద్రము. రాత్రింబవళ్లు ఆగక సాగినచో రెండు మూడు దినములలో హట్టెరస్ అగ్రమును చుట్టి బోఫోర్ట్ రేవు చేరవచ్చును. తండ్రికి ఆ దారిపై మనసు కలిగినది. కాని ఆ అగ్రము చెంతనే ‘గల్ఫ్ స్ట్రీమ్’ అను ఉష్ణప్రవాహము ఉత్తరముగ పరుగిడుచుండును. ఉత్తరపు గాలి దానికి ఎదురుగా వీచినపుడు అలలు నిలువుగ లేచి దగ్గర దగ్గరగ విరిగిపడును. ఆ తీరమున వందలకొలది ఓడలు మునిగినవి. నావికులు దానిని అట్లాంటిక్ శ్మశానమందురు. తల్లి వాతావరణ సూచన వినెను. గాలి ఉత్తరముననే యున్నది. “పిల్లలున్న పడవకు తొందర తగదు” అని యామె యనగా, తండ్రి కొంతసేపు మౌనము వహించి లోపలి దారి పటమును విప్పెను.

లోపలి దారి నదులు, ఉప్పుకయ్యలు, త్రవ్వించిన కాలువలు కలిసి యేర్పడినది. మన బకింగ్‌హాం కాలువవలె ఇదియును తీరము వెంబడి, సముద్రపు తాకిడి తగులకుండ సాగును. నార్‌ఫోక్ నుండి మయామీ వరకు సుమారు 1,090 మైళ్లు. పడవ గంటకు ఆరు మైళ్లు నడచును. చాప ఎత్తుట అరుదు. ఇరుకు కాలువలలో యంత్రమే గతి.

వారు ముందుగ ప్రవేశించినది 22 మైళ్ల డిస్మల్ స్వాంప్ కాలువ. ఆ పేరునకు దిగులు పుట్టించు చిత్తడినేల యని అర్థము. లాకు తలుపులు మూసికొనగనే నీరు పొంగి పడవను ఎనిమిదడుగుల వరకు లేపినది. అటుపై నీరు టీ కషాయమువలె ఎఱ్ఱగ నున్నది. “ఇది మురికియా?” అని బాలుడడిగెను. మురికి కాదు, చెట్ల బెరళ్లు, ఆకులు ఊరుటచే వచ్చిన రంగు.

ఆ కాలువను 1793లో త్రవ్వ మొదలిడి 1805లో పడవలకు తెరచిరి. త్రవ్వినవారు బానిసలు. కూలి ముట్టినది వారి యజమానులకు. ఆ కాలువపై పడవలు నడపిన మోజెస్ గ్రాండీ అను బానిస, తన స్వేచ్ఛను మూడుమారులు డబ్బిచ్చి కొనవలసి వచ్చెను. మొదటి రెండుమారులును సొమ్ము పుచ్చుకొనినవారు మోసగించిరి. అతని జీవితకథ 1843లో లండనులో వెలువడినది. నడుము లోతు బురదలో నిలిచి వేళ్లు నరకిన మనుష్యుల నతడు అందు వర్ణించెను. పారిపోయిన బానిసలు కొందరు ఆ చిత్తడినేల నడుమనే గుడిసెలు వేసికొని, యజమానుల కంటబడక బ్రతికిరి. ఆ రాత్రి కాలువ గట్టున పడవ కట్టి తల్లి ఈ సంగతి చెప్పినపుడు, కుమార్తె చాలసేపు చెట్ల చీకటివైపు చూచుచుండెను.

తరువాతి దినములు ఒకదానివలె నొకటి గడచినవి. దారిలో కట్టిన ఎత్తు వంతెనల క్రింద సామాన్యముగ 65 అడుగుల ఖాళీ యుండును. స్తంభము అంతకన్న పొడవైనచో ఆ దారి లేదు. తక్కువ ఎత్తు వంతెనలను, రేడియోలో పిలిచినపుడు, కావలివాడు తెరచును. దారి చూపు గుర్తులు కనిపెట్టుట కుమార్తె పని: దక్షిణమునకు పోవువారికి ఎఱ్ఱ త్రికోణములు కుడివైపున, ఆకుపచ్చ చతురస్రములు ఎడమవైపున నుండవలెను.

జార్జియాలో గుర్తులొక్కటే చాలలేదు. అచ్చట పోటునకు, ఆటునకు నడుమ నీటిమట్టము ఏడు మొదలు తొమ్మిదడుగుల వరకు మారును. ఒకనాడు మధ్యాహ్నము ఒంటిగంటకు తండ్రి ఒక వంపును దగ్గరగ కోసిపోయెను. పడవ మెత్తగ ఆగినది. అడుగు బురదలో దిగినది. అప్పటికి పోటు తిరిగి రెండు గంటలైనది. నీరు ఇంకను నాలుగు గంటలు తగ్గును, మరల నాలుగు గంటలు పెరిగినగాని పడవ తేలదు. ఈ లెక్క చెప్పినది బాలుడు. “ఎనిమిది గంటలు!” అని వాడు సంతోషముగ నరచెను, తండ్రికి సంతోషము కలుగలేదు. అతడు చిన్న దోనెలో లంగరును లోతునీటికి కొనిపోయి వేసి వచ్చెను. క్రమముగ పడవ ఒరిగినది. అలమారలోని గిన్నెలు దొర్లినవి. నలుగురును ఒరిగిన బల్లలపై కూర్చుండి రొట్టె, వేరుసెనగ ముద్ద తినిరి. “తప్పు నాదే” అని తండ్రి పిల్లల యెదుట ఒప్పుకొనెను. చీకటి పడినది. రాత్రి తొమ్మిది దాటిన పిదప పడవ మెల్లగ నిటారై కదలినది. అందరును కలిసి లంగరు త్రాడు లాగిరి.

ఫ్లారిడాలో 1565లో స్థాపితమైన సెయింట్ అగస్టీను పట్టణమున రెండు దినములాగిరి. అటుపైని మేనటీలను బరువైన జలచరములు తిరుగు చోట్ల, వానికి దెబ్బ తగులకుండ, చట్టప్రకారము పడవను మిక్కిలి మెల్లగ నడపవలెను. డిసెంబరు రెండవ వారమున మయామీలో లంగరు దిగినది. పిల్లలు ఉన్ని కోట్లను పడక క్రింది పెట్టెలో మడిచి పెట్టిరి. ఏప్రిల్ నెలలో వానిని మరల తీయుదురు. తుపానుల కాలము రాకముందే ఉత్తరమునకు చేరవలెను గదా. అప్పుడు ఎఱ్ఱ త్రికోణములు ఎడమవైపున నుండును.