మసక వెలుగుల మరుగుజ్జులు

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని తిరుమణి చుట్టుపట్ల సౌరఫలకాలు బారులు తీరి కనిపిస్తాయి. వాటిపై పడే సూర్యకాంతి సుమారు 8 నిమిషాల క్రితం సూర్యుని వద్ద బయలుదేరినది. కార్తీక అమావాస్య నాటి రాత్రి దీపాలకు దూరంగా పొలం గట్టున నిలిచి, ఉత్తరాన బాగా ఎత్తున చూడండి. పొగమరక వంటి వెలుగు కనిపిస్తుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ. దాని కాంతి 25 లక్షల సంవత్సరాలు ప్రయాణించి మనలను చేరుతుంది.

గెలాక్సీ అంటే అసంఖ్యాకమైన నక్షత్రాల సముదాయం. మన సూర్యుడు పాలపుంత అనే గెలాక్సీలోనివాడు. ఇళ్లన్నీ కలిసి ఊరైనట్లు గెలాక్సీలు కూడా గుంపులుగా ఉంటాయి. మన గుంపులో పాలపుంత, ఆండ్రోమెడా పెద్దవి. వాటి చుట్టూ మరుగుజ్జు గెలాక్సీలు అనేకం ఉన్నాయి. వీటిలో నక్షత్రాలు తక్కువ. అవి కూడా పలచగా చెదరి ఉంటాయి. అందుచేత దగ్గర ఉన్నవి సైతం మన కంటపడవు.

1938లో అమెరికా శాస్త్రజ్ఞుడు హార్లో షాప్లీ, దక్షిణాఫ్రికా నుండి తీసిన ఛాయాచిత్రాలలో ఇటువంటి మసక గెలాక్సీని గుర్తించాడు. అయితే మచ్చ కనిపించినంత మాత్రాన గెలాక్సీ దొరికిందనుకోరాదు. అది గాజు ఫలకంలోని లోపం కావచ్చు. పాలపుంతలోని ధూళిమేఘం కావచ్చు. ఎంతో దూరాన ఉన్న పెద్ద గెలాక్సీ కూడా కావచ్చు. దూరాన్నీ, వేగాన్నీ కొలిచిన తరువాతనే అది ఏ గుంపుకు చెందినదో తేలుతుంది.

ఇంత శ్రమ ఎందుకు? 1999 నాటి లెక్కల ప్రకారం పాలపుంత చుట్టూ వందలాది మరుగుజ్జులు ఉండాలి. అప్పటికి తెలిసినవి 11 మాత్రమే. లెక్క తప్పా? వెదకడం చాలలేదా? 2005 నుండి కంప్యూటర్ల సాయంతో నక్షత్రాలను లెక్కించి, అవి కొంచెం ఒత్తుగా ఉన్న చోట్లను వెదికారు. ఇప్పుడు 50కి పైగా తెలిసాయి. వెదుకులాట ఇంకా సాగుతూనే ఉన్నది.

ఈ పనిలో మన దేశానికీ పాలు ఉన్నది. పుణె జిల్లా ఖోడద్ వద్ద 30 పెద్ద పళ్లేలతో కూడిన రేడియో దూరదర్శిని ఉన్నది. ఒక్కొక్క పళ్లెం వెడల్పు 45 మీటర్లు. దానితో అయేషా బేగం, జయరాం చెంగలూర్, రష్యా శాస్త్రజ్ఞుడు ఇగోర్ కరచెన్‌త్సెవ్ కలిసి ఎన్.జి.సి. 3741 అనే మరుగుజ్జును పరిశీలించారు. అది మన గుంపుకు వెలుపల, సుమారు కోటి కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. వెలుగు కనిపించే మేరకు 8 రెట్లు దాటి అందులో హైడ్రోజన్ వాయువు వ్యాపించి ఉన్నదని 2005లో వారు తెలిపారు. ఆ వాయువు తిరిగే వేగాన్ని బట్టి చూస్తే, కనిపించే పదార్థం కంటే కనిపించని కృష్ణ పదార్థమే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ.

వెలుగు తక్కువైనంత మాత్రాన బరువు తక్కువని ఎంచరాదు. విశ్వం దేనితో నిండి ఉన్నదో చెప్పగల సాక్షులు ఈ మరుగుజ్జులే.

ప్రశ్నలు

1. మరుగుజ్జు గెలాక్సీలు సులభంగా ఎందుకు కనిపించవు?
2. మసక మచ్చ గెలాక్సీయేనని ఎలా నిర్ధారిస్తారు?