కడుపుబ్బరం గలవారికీ కమ్మని పాయసం

పండుగనాడు ఇంటిల్లిపాదీ పాయసం ఆరగిస్తుండగా, "నాకు పడదు" అని చేయి ముడుచుకొని కూర్చునేవారు పలు ఇళ్లలో ఉంటారు. తిన్న కొద్దిసేపటికే ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, విరేచనాలు కలుగుతాయన్నదే వారి భయం. అట్టివారు తీపిని పూర్తిగా విడనాడనక్కరలేదు.

కారణమేమి?

పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను చిన్నప్రేగులోని లాక్టేజ్ అనే ఎంజైము జీర్ణం చేస్తుంది. ఆ ఎంజైము చాలనివారిలో లాక్టోజ్ పెద్దప్రేగుకు చేరి, నీటిని లాగుకొని, సూక్ష్మజీవుల వలన పులిసి వాయువును పుట్టిస్తుంది. 100 మి.లీ. ఆవుపాలలో ఇది సుమారు 5 గ్రాములుంటుంది. బాసుందికై పాలను మరిగించినపుడు నీరు ఆవిరి అవుతుందే గాని లాక్టోజ్ పోదు. అందుచేత చిక్కబడిన కొద్దీ బాధ అధికం. గోధుమ సేమ్యా, జీడిపప్పు, పిస్తా, తేనె, మామిడిపండ్లలోనూ పులిసే చక్కెరలున్నాయి. ఇట్టివాటికి ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో 'ఫాడ్‌మ్యాప్' అని పేరిడిరి. చరకసంహిత చికిత్సాస్థానం 15వ అధ్యాయం కూడా గ్రహణీరోగాన్ని చెబుతూ జఠరాగ్నికే ప్రాధాన్యమిచ్చింది.

సగ్గుబియ్యం పాయసం (నలుగురికి)

కావలసినవి: సగ్గుబియ్యం 50 గ్రాములు, పంచదార 50 గ్రాములు, చిక్కని కొబ్బరిపాలు ముప్పావు కప్పు, నెయ్యి ఒక చెంచా, ఏలకుల పొడి చిటికెడు, అక్రోటు పలుకులు కొన్ని.

విధానం: సగ్గుబియ్యాన్ని గంటసేపు నానబెట్టి, రెండు కప్పుల నీటిలో పారదర్శకమయ్యేవరకు ఉడికించాలి. పంచదార కలిపి దింపాలి. వేడి కొంత తగ్గిన పిమ్మట కొబ్బరిపాలు పోయాలి. పొయ్యిమీద మరిగిస్తే విరుగుతాయి. నేతిలో వేయించిన అక్రోటు, ఏలకుల పొడి చేర్చాలి. నేతిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. కొబ్బరిపాలు పరిమితంగానే పడతాయి గనుక ఒక చిన్న గిన్నెతో తృప్తి పడాలి. పాల రుచే కావాలంటే అంగడిలో దొరికే లాక్టోజ్ లేని పాలతో బియ్యపు పరమాన్నం వండుకోవచ్చు.

హెచ్చరిక

ఈ పథ్యం ఆజన్మాంతం పాటించదగినది కాదు. రెండు నుండి ఆరు వారాలు పాటించి, తరువాత ఒక్కొక్క పదార్థాన్నే తిరిగి చేర్చుకొని, ఏది పడదో గుర్తించాలి. పిల్లలు, గర్భిణులు వైద్యుని సలహా లేక మొదలుపెట్టరాదు. మలంలో రక్తం, బరువు తగ్గుట, జ్వరం, రాత్రి నిద్రలేపే విరేచనాలుంటే ఇంటి వైద్యంతో కాలహరణం చేయక వైద్యుని సంప్రదించాలి.