సైక్లడీస్ దీవులలో ఓడ ప్రయాణము

గ్రీసు ప్రధాన భూభాగమునకు ఆగ్నేయమున, ఏజియన్ సముద్రములో సైక్లడీస్ అను ద్వీపసముదాయము కలదు. తెరచాప పడవపై వారము దినములలో ఇందలి కొన్ని దీవులను చూచి రావచ్చును. కాని ముందుచూపు లేనిచో ఆ విహారమే ప్రాణాపాయమునకు దారితీయును.

జులై, ఆగస్టు నెలలలో అచ్చట ఉత్తరమునుండి ‘మెల్టెమి’ అను గాలి బలముగా వీచును. ఆకాశము నిర్మలముగా నున్నను అది విజృంభింపగలదు. కావున మబ్బులను చూచి దాని రాకను గుర్తించుటకు వీలులేదు. లావ్రియో రేవు విడిచి, కియా దీవి చేరి, దక్షిణముగా కిత్నోస్, సెరిఫోస్ దీవులకు పోవునప్పుడు ఆ గాలి వెనుకనుండి తోడ్పడును. తిరుగు ప్రయాణమున అదియే ఎదురగును. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురుపోజాలదు. ఏటవాలుగా అటునిటు మరలుచు సాగవలెను. గంటకు 5 నాటికల్ మైళ్లు నడచు పడవకు 20 మైళ్ల దూరము 4 గంటల పని. ఎదురుగాలిలో ఆ కాలము చాలదు.

అందుచే వివేకియగు నావికుడు పోవుటకు 3 దినములు, వచ్చుటకు 3 దినములు నిర్ణయించి, ఒక దినమును రేవులో నిలుచుటకై మిగుల్చుకొనును. కిత్నోస్ చేరినపుడు వాతావరణ సూచనను పరిశీలించును. పెనుగాలి రానున్నదని తెలిసినచో, సెరిఫోస్ ఎంత సమీపమున నున్నను ఆ ఆశ విడుచును. సాగుటయే కాదు, ఆగుటయు నావికుని విద్యలో భాగమే.