మిద్దెతోట చానెల్: కెమెరా కంటే ముందు క్యాలెండర్

యూట్యూబ్‌లో మిద్దెతోట చానెల్ పెడదామనుకునేవాళ్లు చాలామంది ముందు కెమెరాలు, మైకుల ధరలు వాకబు చేస్తారు. చేతిలో ఉన్న ఫోను చాలు. ముందు కావాల్సింది సరుకు. ఒక నోట్‌బుక్ తీసి, చేయదగ్గ వీడియోలు ఇరవై రాయండి. పన్నెండు దగ్గర ఆగిపోతే అంశం మీద ఇంకొన్నాళ్లు ఆలోచించాలి.

రాసేముందు ఎవరి కోసమో తేల్చుకోండి. అద్దింటి బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకున్నావిడకు ఎండ చాలదు, నీళ్లు కింది వాటాలోకి కారతాయి. సొంత డాబా ఉన్నాయనకు స్లాబు చెమ్మెక్కుతుందని భయం, మే నెలలో మొక్కలు మాడిపోతాయని దిగులు. ఇద్దరికీ ఒకే వీడియో పనికిరాదు. ఒకరినే ఎంచుకోండి.

తర్వాత యూట్యూబ్ వెతుకుపెట్టెలో ‘బెండ మొక్క’ అని కొట్టి ఆగండి. కింద వరసగా వచ్చే సూచనలు చూస్తే జనం ఏం వెతుకుతున్నారో తెలుస్తుంది. ‘బెండ సాగు’ అనే వీడియోలో అన్నీ చెప్పబోయి ఏదీ చెప్పలేం. ‘బెండ పూత ఎందుకు రాలుతోంది?’ అంటే ఒక ప్రశ్న, ఒక జవాబు.

అసలు ప్రణాళిక ఇక్కడే మొదలవుతుంది. మొక్క మన షూటింగు కోసం ఆగదు. బెండ గింజ నాటిన దాదాపు 45 రోజులకు గానీ కాయ కోతకు రాదు. జులై చివర్లో బెండ కోత వీడియో పెట్టాలంటే జూన్ మొదట్లో, గింజ నాటిన రోజే, ఫోను తీయాలి. మొలక, మొగ్గ, పూత, పిందె... ప్రతి దశనూ ఒకే చోట నిలబడి పది సెకన్లు తీసి, తేదీ వేసి దాచుకోండి. పందిరి చిక్కుడు వానాకాలంలో పెడితే చలికాలంలో కాస్తుంది. అది నెలల తరబడి సాగే కథ. ఈలోపు చానెల్‌ను నిలబెట్టేవి నెల తిరక్కుండానే కోతకొచ్చే మెంతికూర, తోటకూరలే. అందుకే కొత్తవాళ్లను ఆకుకూరలతో మొదలుపెట్టమంటాను.

పురుగు పడితే వెంటనే మందు కొట్టేయకండి. ఆకు వెనక్కి తిప్పి, దూదిలా అంటుకున్న పిండినల్లిని దగ్గరగా తీయండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం తర్వాత అదే ఆకును మళ్లీ తీయండి. మొక్క చచ్చిపోయినా చూపించండి, చూసేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

డాబా మీద గాలి హోరు మాటల్ని మింగేస్తుంది. పొద్దున్నే తీస్తే హోరు తక్కువ, వెలుతురూ మెత్తగా ఉంటుంది. సినిమా పాటలు పెట్టకండి, కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది.

ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అందుకు సమయం పడుతుంది కాబట్టి వారానికి ఒకటే పెట్టండి. నాలుగు వీడియోలు ఎడిటింగ్ పూర్తయి చేతిలో ఉన్నాకే మొదటిది విడుదల చేయండి. జ్వరమొచ్చినా, ఊరెళ్లినా చానెల్ ఆగదు.